కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, పొడిబారాయంటారేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర ఊరు, మీసేవ సెంటర్ నడుపుతున్నాను. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా కంప్యూటర్ ముందే. ఏడాదిగా కళ్లు గరగరలాడుతున్నాయి. మధ్యాహ్నానికి మంట, సాయంత్రానికి అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి, రెండుసార్లు రెప్ప కొడితే మళ్లీ సరిగ్గా కనిపిస్తాయి. బండి మీద వెళ్తే ధారగా నీళ్లు. మెడికల్ షాపులో అడిగితే చుక్కలిచ్చారు, అవి వేస్తే రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆపితే మళ్లీ మొదలు. అలా నెలల తరబడి వేస్తూనే ఉన్నాను. ఈమధ్య కంటి డాక్టర్‌కు చూపిస్తే కళ్లు పొడిబారాయని వేరే చుక్కలు రాశారు, పది రోజులు వేసినా పెద్ద తేడా లేదు. ఇన్ని నీళ్లు కారుతుంటే పొడిబారడమేంటో నాకర్థం కాలేదు. మా అత్తయ్య నందివర్ధనం పూల రసం పిండుకోమంటున్నారు. తుమ్ముల కోసం రోజూ రాత్రి సెటిరిజిన్ వేసుకుంటాను. ఏడాదిన్నర కిందట నెలసరి ఆగిపోయింది. ఈమధ్య నోరు కూడా ఎండిపోతోంది, జొన్నరొట్టె తింటే నీళ్లు తాగితే గానీ మింగుడుపడట్లేదు, పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయి. ఇదంతా వయసు ప్రభావమేనా?

జవాబు: అమ్మా, మీరడిగిన దానికి జవాబు చెప్పేముందు ఆ మెడికల్ షాపు చుక్కల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు భయం వేసింది అక్కడే. వేస్తే రెండు రోజుల్లో తగ్గి, ఆపగానే తిరగబెట్టే చుక్కలు మామూలుగా రెండు రకాలు. సీసా తీసి మందు పేరు చదవండి, కంపెనీ పెట్టిన పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది. నాఫజోలిన్ అని ఉంటే అది కంటి తెల్లగుడ్డులోని రక్తనాళాలను కాసేపు బిగబట్టే మందు. ఎరుపు కనబడకుండా పోతుంది తప్ప రోగం ఎక్కడిదక్కడే ఉంటుంది, పైగా మందు దిగాక నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. అలా కాకుండా డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడ్. చాలా సీసాల్లో యాంటీబయాటిక్‌తో కలిపి ఉంటుంది కాబట్టి మొదటి పేరు చూసి ఆగిపోకండి, రెండోది కూడా చదవండి.

స్టెరాయిడ్ చుక్క చెడ్డ మందు కాదు, మేమూ రాస్తాం, కానీ ఎన్ని రోజులో లెక్కపెట్టి రాస్తాం. నెలల తరబడి వేస్తే కొందరిలో కంటి లోపలి ప్రెజర్ పెరిగి గ్లకోమా వస్తుంది. అదేం నొప్పి పెట్టదు, ఎర్రబడదు, చూపు పక్కల నుంచి కొంచెం కొంచెంగా పోతూ ఉంటే మనకు తెలియను కూడా తెలియదు, పోయిన చూపు తిరిగి రాదు. శుక్లాలు కూడా తొందరగా వస్తాయి. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, అయినా మన ఊళ్లలో కళ్లు ఎర్రబడ్డాయంటే చాలు చేతికి వచ్చేస్తుంది. మీది ఆ రకమే అయితే ఇక మీ ఇష్టానికి వేసుకుంటూ పోవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే కంటి డాక్టర్ దగ్గరికి సీసాతో సహా వెళ్లి, ఇన్ని నెలలు వాడానని దాచకుండా చెప్పండి. కంటి ప్రెజర్ కొలవమని, వెనక నరం చూడమని అడగండి, ఆ మందు ఎలా ఆపాలో కూడా ఆయన్నే చెప్పనివ్వండి.

ఇక నీళ్ల సంగతి. కంటి మీద ఎప్పుడూ ఒక పలుచటి తడి పొర ఉంటుంది. అది ఉత్త నీళ్లు కాదు. నల్లగుడ్డును అంటిపెట్టుకుని జిగురు, దాంతో కలిసిపోయి నీరు, వాటన్నిటి పైన సన్నటి నూనె పొర. జిగురు నీటిని కంటికి పట్టి ఉంచుతుంది, నూనె ఆ నీరు గాలికి ఆరిపోకుండా కాపాడుతుంది. రెప్ప కొట్టిన ప్రతిసారీ ఈ పొర కొత్తగా పరుచుకుంటుంది. నూనె తక్కువైతే మళ్లీ రెప్ప కొట్టేలోపే పొర అక్కడక్కడా చిరిగి, నల్లగుడ్డు మీద ఎండిన మచ్చలు ఏర్పడతాయి. మనిషి ఒంట్లో నరాలు అత్యంత దట్టంగా ఉన్న చోట్లలో నల్లగుడ్డు ఒకటి, అందుకే ఆ కాస్త ఎండినా చురుక్కుమంటుంది. ఆ కబురు మెదడుకు అందగానే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అవి ఉల్లిపాయ కోసినప్పుడు వచ్చే నీళ్లే, కంటిని కడగడానికి పనికొస్తాయి గానీ నూనె లేదు కాబట్టి నిలబడవు, చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్లీ ఎండుతుంది. బండి మీద గాలి తగిలినప్పుడు మీకు ధార కట్టేది అందుకే. అక్షరాలు అలికినట్టు కనబడి రెప్ప కొట్టగానే సర్దుకోవడం కూడా దీని గుర్తే, ఎందుకంటే లోపలికి వెళ్లే వెలుతురు ముందుగా దాటాల్సింది ఈ తడి పొరనే.

అంటే చాలామందికి లోటు నీళ్లలో కాదు, నూనెలో. ఆ నూనె కంట్లోంచి రాదు, రెప్పల్లోంచి వస్తుంది. పై రెప్పలో, కింది రెప్పలో వరసగా నిలువు గొట్టాల్లా సన్నటి గ్రంథులుంటాయి, ఒక్కో రెప్పలో ఇరవై నుంచి నలభై దాకా. మైబోమియన్ గ్రంథులంటారు వాటిని, 1666లో హైన్రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడని ఆ పేరు. వాటి మూతులు వెంట్రుకల వరసకు కాస్త లోపలగా, రెప్ప అంచు మీద ఉంటాయి. స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దది చేసి చూపే యంత్రం, దాని ముందు కూర్చోబెట్టి రెప్పను వేలితో మెల్లగా నొక్కి చూస్తాం. బాగున్న గ్రంథిలోంచి తేటగా చిన్న నూనె బొట్టు వస్తుంది. చెడిపోతున్న గ్రంథిలోంచి పచ్చగా, చిక్కగా ముద్ద వస్తుంది, ఇంకా ముదిరితే ఎంత నొక్కినా ఏమీ రాదు. చలికాలంలో కొబ్బరినూనె సీసా గడ్డకడితే ఏం చేస్తాం, వేడినీళ్ల గిన్నెలో పెడతాం, ఇక్కడా చేయాల్సింది అదే. చుక్కలు పది రోజులు వేసినా తేడా లేదన్నారు కదా, మీ చుక్కలు నీటి లోటు తీర్చేవే అయ్యుంటాయి, రెప్పల్లో గడ్డకట్టిన నూనె జోలికి అవి పోవు.

కాబట్టి రోజూ కాపడం పెట్టుకోవాలి. చాలామంది పెడుతున్నామనే అంటారు గానీ, ఎలా పెడుతున్నారో చూపించమంటే గోరువెచ్చటి నీళ్లలో కర్చీఫ్ ముంచి అర నిమిషం ఆనించి తీసేస్తారు. అది సరిపోదు. ఆ నూనె కరగాలంటే రెప్పలకు దాదాపు 40 డిగ్రీల వేడి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగకుండా తగలాలి. తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. అందుకని మూతున్న గిన్నెలోనో ఫ్లాస్క్‌లోనో వేడినీళ్లు పెట్టుకుని, రెండు మందపాటి గుడ్డలు తీసుకోండి. ఒకటి కళ్ల మీద ఉండగా రెండోది నీళ్లలో ఉండాలి, చల్లబడగానే మార్చేయాలి. గట్టిగా పిండాక ముందు ముంజేతి లోపలి వైపు ఆనించి చూడండి, అక్కడ చురుక్కుమంటే కళ్ల మీద పెట్టొద్దు, రెప్పల చర్మం చాలా పలచన, ఇట్టే కాలుతుంది. కళ్లు మూసుకునే ఉండాలి, గుడ్డతో కంటిగుడ్డును అదమకూడదు.

కాపడం అయిన వెంటనే, నూనె ఇంకా మెత్తగా ఉండగానే మర్దన చేయాలి. శుభ్రమైన వేలి కొసతో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, అంటే రెండు వైపుల నుంచీ వెంట్రుకల వరస వైపు మెల్లగా నిమరాలి. ఒక్కో రెప్పకు ఐదారుసార్లు చాలు. కంటిగుడ్డు మీద బలం పడకూడదు, ముఖ్యంగా గ్లకోమా ఉన్నవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా మర్దన జోలికి వెళ్లొద్దు. మీ ప్రెజర్ సంగతి తేలేదాకా మీరు కూడా కాపడం వరకే పెట్టుకోండి. చివరగా మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి వెంట్రుకల మొదళ్లు తుడవండి, చుండ్రులాంటి పొట్టు, పుసులు ఉంటే వచ్చేస్తాయి. మెడికల్ షాపుల్లో ఇందుకోసమే తయారు చేసిన తడి తుడుపు కాగితాలు దొరుకుతాయి, అవైతే ఇంకా నయం. రోజుకు రెండుసార్లు, కుదరకపోతే ఒక్కసారైనా, నెలా నెలన్నర పాటు మానకుండా చేస్తే గానీ ఫలితం తెలియదు, ఆ తర్వాత కూడా రోజుకొకసారి కొనసాగించాల్సిందే.

కాటుక పెట్టుకునే అలవాటుంటే రెప్ప అంచు మీద రాయడం మానేయండి, అది నేరుగా ఆ గ్రంథుల మూతుల మీదే పడుతుంది.

మీ సెంటర్ గురించి మీరు ఎక్కువ రాయలేదు గానీ ఊహించగలను. చిన్న గది, ఎదురుగా టేబుల్ ఫ్యానో, నెత్తి మీద ఏసీనో, కౌంటర్ అవతల మనుషులు తొందర పెడుతుంటే ఆధార్ నంబర్లు తప్పు పోకుండా కొట్టాలనే టెన్షన్. తీక్షణంగా చూసేటప్పుడు మనం రెప్ప కొట్టడం మరిచిపోతాం. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు కొట్టేవాళ్లం స్క్రీన్ ముందు అందులో సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతాం. పైగా కొట్టినవి కూడా అరకొరగా, పై రెప్ప సగం దిగి వెనక్కి వెళ్లిపోతుంది, కింది రెప్పను తాకదు. తాకితేనే గ్రంథుల మీద ఒత్తిడి పడి నూనె బయటికి వస్తుంది. అందుకని ఒక అలవాటు చేసుకోండి. ఒక్కో దరఖాస్తు ప్రింట్ కొట్టాక ప్రింటర్ కాగితం బయటికి తోసేలోపు కళ్లు మెత్తగా పూర్తిగా మూసి, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టి, తెరిచి, మళ్లీ మూయండి, అలా ఐదారుసార్లు. మీ పనిలో ప్రింటర్ రోజంతా మోగుతూనే ఉంటుంది, అలారం పెట్టుకునే అవసరం కూడా ఉండదు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోకి ఇరవై సెకన్లు చూడమంటారు, అదీ మంచిదే, కాకపోతే రెప్ప వాల్చకుండా వీధిలోకి చూస్తూ కూర్చుంటే పొడికి మాత్రం లాభం లేదు.

మానిటర్ కళ్ల మట్టానికి కాస్త కిందికి దించండి. పైకి చూస్తే కన్ను పెద్దగా తెరుచుకుంటుంది, కిందికి చూస్తే రెప్ప సగం కప్పుతుంది, ఆరిపోయే చోటు అంత తగ్గుతుంది. ఫ్యాన్ గాలి ముఖానికి కాకుండా పక్కకో వెనక్కో తిప్పండి. రాత్రి పడుకునే చోట కూడా ఇది చూసుకోవాలి, కొందరికి నిద్రలో కళ్లు పూర్తిగా మూసుకోవు, ఫ్యాన్ కిందే పడుకుంటే పొద్దున లేచేసరికి మంటలు. బండి మీద అద్దం దించిన హెల్మెట్ గానీ, పక్కలు కప్పే కళ్లజోడు గానీ ఉండాల్సిందే. ఇక చత్వారం. 48 ఏళ్లకు అది రాకుండా ఉండదు, సరైన పవర్ అద్దాలు లేకుండా స్క్రీన్ చూస్తుంటే కళ్లు చికిలిస్తూ రోజంతా కష్టపడతాయి, కాబట్టి పవర్ చూపించుకోండి. కళ్లజోడు షాపులో నీలి కాంతిని ఆపే అద్దాలని ఎక్కువ డబ్బు అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. వాటితో కంటి శ్రమ తగ్గుతుందనడానికి సరైన రుజువు లేదని 2023లో కోక్రేన్ సంస్థ పాత పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చింది.

మీ డాక్టర్ రాసిన చుక్కలు మానకండి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనో, సోడియం హైఅలురొనేట్ అనో, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనో రాసి ఉంటే అవి కృత్రిమ కన్నీళ్లు, అలవాటు పడిపోతామన్న భయం అక్కర్లేదు. మంట వచ్చాక కాదు, రాకముందే వేయాలి, మధ్యాహ్నం మీకు మంట మొదలవుతుంది కాబట్టి పదకొండింటికే ఒకటి వేసుకోండి. రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేని రకం అడగండి. చుక్కలు పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎక్కువైతే అదే కంటి పైపొరను గాయపరుస్తుంది, పొడి తగ్గడానికి వేసిన చుక్కతోనే పొడి పెరుగుతుంది. వేసేటప్పుడు ఒక్క చుక్క చాలు. కంట్లో పట్టేదే చుక్కకు తక్కువ, రెండోది చెంప మీదికే పోతుంది. కింది రెప్ప కొంచెం లాగి, సీసా మూతి వెంట్రుకలకు తగలకుండా వేసి, ఒక నిమిషం కళ్లు మూసుకుని ముక్కు పక్క మూలన వేలితో మెల్లగా నొక్కి పట్టండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు పది నిమిషాల వ్యవధి ఇవ్వండి. రాత్రి పడుకునే ముందు కృత్రిమ కన్నీటి జెల్ వేసుకుంటే మంచిది, కాసేపు చూపు మసకగా ఉంటుంది కాబట్టి పనులన్నీ అయ్యాకే.

అత్తయ్య గారి మాట కాదనడం ఇంట్లో కష్టమే, అందుకని ఇలా చేయండి. కడిగిన నందివర్ధనం పూలను మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. రసం పిండి లోపల పోసుకోవడం మాత్రం వద్దు. పూలరసం, తేనె, ఆముదం, చనుబాలు, రోజ్ వాటర్, వేటిలోనూ క్రిములు లేవని చెప్పలేం, పొడిబారి పైపొర దెబ్బతిన్న కంట్లో పడితే పుండు పడే ప్రమాదం మామూలు కంటికన్నా ఎక్కువ. క్యారెట్లు, మునగాకు తినండి, ఒంటికి మంచివి, విటమిన్ ఎ లోపం ఉంటే కంటికీ మంచివే, కానీ మీలాంటి పొడికి అవి మందు కావు. చేపనూనె మాత్రల గురించి కూడా అడుగుతుంటారు. 2018లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన వెలువడింది, ఏడాది పాటు కొందరికి రోజూ చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు 3 గ్రాములు, మిగతావాళ్లకు ఆలివ్ నూనె ఇచ్చి చూస్తే కళ్ల పొడిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ డబ్బుతో చేపలే కొనుక్కుని తినండి.

మీరు చివర్లో మామూలుగా రాసేసిన మాట ఉంది చూశారా, రొట్టె నీళ్లు తాగితే గానీ దిగట్లేదని, వేళ్లు పట్టేస్తున్నాయని, దాన్ని వయసు ఖాతాలో వేసి వదిలేయకండి. నెలసరి ఆగాక హార్మోన్లు మారి కళ్లు పొడిబారడం నిజమే. సెటిరిజిన్ కూడా నోటినీ కళ్లనూ ఎండబెడుతుంది, రోజూ వేసుకునేవాళ్లలో మరీను. తుమ్ములకు ముక్కులో కొట్టే స్ప్రే లాంటిది మార్చి ఇవ్వగలరేమో, రాసిన డాక్టర్‌ను అడగండి. నిద్రకు, నరాల నొప్పులకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, కొన్ని బీపీ మందులు కూడా ఇలాగే చేస్తాయి, వేసుకునే మాత్రలన్నీ డాక్టర్ ముందు పెట్టండి, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు.

కానీ కళ్లు, నోరు రెండూ ఎండిపోతూ, కీళ్లు కూడా పట్టేస్తుంటే షోగ్రెన్ జబ్బు ఉందేమో చూడాలి. ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద పడే జబ్బు ఇది. హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టర్ 1933లో దీన్ని వివరంగా రాశాడు. పదిమంది రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా మీ వయసు వాళ్లే. దీన్ని పట్టుకోవడం ఎందుకు ముఖ్యమంటే ఇది కళ్లతో ఆగకపోవచ్చు, పళ్లు పుచ్చుతాయి, కొందరిలో ఊపిరితిత్తులు, కిడ్నీలు, నరాల దాకా వెళ్తుంది. కంటి డాక్టర్‌ను షర్మర్ పరీక్ష చేయమనండి. సన్నటి ఫిల్టర్ కాగితం కింది రెప్పలో మడిచిపెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో కొలుస్తారు, 5 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే మీకు నూనెతో పాటు నీటి లోటు కూడా ఉన్నట్టు. పసుపు రంగు చుక్క వేసి నీలి వెలుతురులో తడి పొర ఎన్ని సెకన్లలో చిరుగుతుందో కూడా చూస్తారు, పదిలోపు చిరిగితే నిలకడ లేనట్టే. ఆ పైన యాంటీ ఎస్‌ఎస్‌ఏ అనే రక్తపరీక్ష, కీళ్లవాతం పరీక్షలు, షుగర్, థైరాయిడ్ చేయించండి. తేడా ఉంటే చూడాల్సింది రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం, ఇలాంటి జబ్బులు చూసే డాక్టర్. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. నాకు ఆ జబ్బే ఉందేమోనని ఇప్పటి నుంచే బెంగ పెట్టుకోకండి, సెటిరిజిన్ ఆపాక నోరు బాగుపడిపోయేవాళ్లూ చాలామందే ఉంటారు. కానీ పరీక్ష చేయించకుండా వదిలేయడం మాత్రం నేనొప్పుకోను.

ఇవన్నీ చేసినా నెలన్నర, రెండు నెలలకు తగ్గకపోతే దారులు మూసుకుపోలేదు. సైక్లోస్పోరిన్ చుక్కలున్నాయి, రెప్పల వాపుకు కొన్నాళ్లు డాక్సీసైక్లిన్ ఇస్తారు, కన్నీళ్లు ముక్కులోకి పోయే సన్నటి రంధ్రాలకు చిన్న బిరడాలు పెడతారు. సైక్లోస్పోరిన్ మొదట్లో బాగా మండుతుంది, పని చేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వేసిన వారానికే పడట్లేదని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ, ముందే తెలిస్తే ఓపిక పడతారని చెబుతున్నాను.

ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. గరగర, మంట, నీళ్లు, ఇవైతే కొన్ని రోజులు ఆగి చూపించుకున్నా పర్లేదు. కానీ ఒక కంట్లోనే గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, చిక్కటి పుసులు, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ, వీటిలో ఏదున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. మీది పల్లె కాబట్టి వరికోతలప్పుడు కంట్లో ఆకు కోసుకున్నా, వడ్ల నలక పడ్డా మరీ జాగ్రత్త. అలాంటి దెబ్బతో ఫంగస్ పుండు పడుతుంది, దాని మీద మెడికల్ షాపు స్టెరాయిడ్ చుక్క పడిందంటే కన్నే పోవచ్చు.